ఠాకుర్‌దేవ్‌కి మా తాళం

గోండుల ఊరిదేవుడు ఠాకుర్‌దేవ్ రాళ్ల చుట్టూ కంచె కట్టి, పార్కని బోర్డు పెట్టి, తాళం వేసింది మన కాలనీ కమిటీయే. సెక్రటరీ మా నాన్న.

ఈ రోజు వాళ్ల విత్తనాల పండగ, అక్తీ. దేవుడికి చూపించనిదే వాళ్లు విత్తనం చల్లరు. ఆ గోండుల్లో పెద్దావిడ సుఖ్‌వారో దీదీ ఆకుదొన్నెలో వడ్లు పట్టుకుని పొద్దుటి నుంచీ గేటు బయటే నిలబడింది. నాన్న తాళంచెవి ఇవ్వబోయారు.

ఆమె చెయ్యి చాపలేదు. "మా దేవుడి దగ్గరికి మీ చాబీ ఎందుకు భయ్యా? తాళమే తీసెయ్యండి," అంది హిందీలో.

నాన్న నా వైపు తిరిగి, "ఇస్తన్నాను కదరా, ఇంకేటి కావాల?" అని తాళంచెవి జేబులో వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయారు. ఆమె వడ్లతో అక్కడే కూర్చుంది.

మీ పూజగదికి ఇంకొకరు తాళం వేస్తే ఊరుకుంటారా?

కాలనీవాళ్లంతా రేపు పొద్దున్న ఆరింటికి గేటు దగ్గరికి రండి. తాళం కోయడానికి నేను హాక్సా బ్లేడు తెస్తాను. నాన్నా, మీరు ముందే వచ్చి తీసేస్తే దాంతో పని లేదు.