తలుపు మూసిన అరగంట

తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ పొందాక తీరిక లభిస్తుందని ఆశించాను. లభించలేదు. రెడ్డియార్‌పాళయంలోని మా ఇంటికి ఉదయం, యానాం నుంచి బదిలీపై వచ్చి ఈ తమిళ ఊళ్లో ఉంటున్న ఉద్యోగుల పిల్లలు తెలుగు చెప్పించుకొనడానికి వస్తారు. మధ్యాహ్నం అచ్చుప్రతులు దిద్దాలి. నడుమ, మోకాళ్ల నొప్పులతో మంచం పట్టిన నా భార్యకు కావలసినవి చూడాలి. పైగా ఇరుగుపొరుగు పాత తెలుగు కుటుంబాలవారికి ఇంట్లో మాట తెలుగే అయినా, బడి తమిళంలో కావడంతో తెలుగు లిపి రాదు. పెళ్లిపత్రిక మొదలు తాతల దస్తావేజుల వరకు నా చేతికే వస్తాయి.

రక్తపోటు హెచ్చిందని, రోజూ ఒక అరగంట కన్నులు మూసుకొని ఊరక కూర్చొమ్మని వైద్యుడు చెప్పాడు. సాయంకాలం ఆరు గంటలకు ధ్యానమని నిశ్చయించుకొన్నాను.

ఆ అరగంట అప్పటికే మరొకరిదని ఎరుగకపోలేదు. ఎదురింటి పెద్దావిడకు, నెల్లూరు సీమకు కోడలుగా వెళ్లి అక్కడ తెలుగు రాత నేర్చుకొన్న ఒక అక్క ఉండేది. గొంతుకు శస్త్రచికిత్స జరిగి ఆమెకు మాట పోయింది. వినికిడి మాత్రం చక్కగా ఉంది. చెప్పదలచినది కాగితం మీద రాస్తే, ఇంటివారు ఫొటో తీసి పంపేవారు. దానిని నేను చదివి వినిపించాకే, చెల్లెలు ఫోనులో మాట్లాడి జవాబు పంపేది. ఆ ఫోను చెల్లెలి కుమారుడిది. ఆటో నడిపే అతడు ఆరింటికి టీ తాగడానికి వచ్చి, ఆరున్నర లోపున వెళ్లిపోయేవాడు.

"రేపటినుంచి ఆరున్నర దాటాక రామ్మా" అన్నాను.

"అప్పటికి వాడు ఫోను ఎత్తుకొని పోతాడే, వాద్యారన్నా. యాడ పట్టుకునేది?"

"నాకంటూ ఒక అరగంట ఉండవద్దా?"

"ఉంచుకోండి, ఉంచుకోండి. మా అక్క కతలు చదివీ చదివీ మీకు సామి కనపడకుండా పోయినాడు" అని నవ్వింది. "వాడు ముందుగా వచ్చిన దినం చూసి వస్తాలే."

మరునాడు ఆరింటికి గడియ వేసి కూర్చొన్నాను. కిటికీ దగ్గర ఆమె గొంతు వినబడింది.

"వదినా, అన్న లేచినాడా?"

"ఇంకా లేదండీ. పిలవమంటారా?" అని మంచం మీదినుంచి నా భార్య అడిగింది.

"వద్దు, వద్దు. రేపు చూస్తాం."

నేను అంతా విన్నాను. కదలలేదు. మనస్సును జయిస్తున్నానని లోలోపల గర్వించాను. రెండవనాడూ అంతే, మూడవనాడూ అంతే.

నాలుగవనాడు మధ్యాహ్నం కబురు వచ్చింది. అక్క నిద్రలోనే పోయింది. ఆ సాయంత్రం నేను గడియ వేయలేదు. చెల్లెలు ఫోను నా చేతిలో పెట్టి, "మూడు చీటీలు వచ్చినాయన్నా. ఇప్పుడైనా చదవండి" అంది.

మొదటిది: "కాళ్ల వాపు కొంచెం తగ్గింది. పెరట్లో మునగ కాసింది." రెండవది: "నిన్న నీ గొంతు వినలేదు. ఫోను పక్కనే పెట్టుకొని ఉన్నా." మూడవ దానిలో మూడు వాక్యాలు ఉన్నాయి. "నామీద కోపమా? ఏమన్నా తప్పు రాసినానా? ఒళ్లు జాగ్రత్త."

నేను చివరి వాక్యం మాత్రమే చదివాను.

"అంతేనా?"

"అంతేనమ్మా."

"నేను పలకలేదని బాధ పడలేదు గదా?"

"లేదు" అన్నాను. జీవితమంతా ఒక్క అక్షరం విడువకుండా చదవమని పిల్లలకు చెప్పినవాడను.

తరువాత కుమారుడు ఆ ఫొటోలను ఒక పాత ఫోనులోకి మార్చి తల్లికి ఇచ్చాడు. ఆమె ఇప్పుడు ఏ వేళనైనా వస్తుంది. నేను మళ్లీ చదువుతాను. ఒకనాడు "కాళ్ల వాపు తగ్గింది" అని చదివితే, "కొంచెం తగ్గిందన్నారే మొన్న" అని సరిదిద్దింది. నా చదువంతా ఆమెకు కంఠస్థమైంది. విడిచినదానిని ప్రతిసారీ అదే చోట, అదే స్వరంతో విడువవలసి ఉంది. ఆరింటికి కూర్చొనడం నేను మానలేదు. కన్నులు మూయగానే ఆ రెండు వాక్యాలు, ఆ వంకరచేతి రాతతోనే, ఎదుట నిలుస్తాయి. వైద్యుడు మాత్ర మోతాదు పెంచాడు.

నిన్న ఆమె గడపలో కూర్చొని అడిగింది: "అన్నా, ఈ వయసులో నాకు అక్షరాలు వస్తాయా? మిమ్మల్ని దినమూ శ్రమ పెట్టేదెందుకు? అక్క చీటీలు నేనే చదువుకుంటా."

వస్తాయనే చెప్పాను. సోమవారంనాడు పలక తెచ్చుకొంటానని చెప్పి వెళ్లింది.