అన్నయ్య పేరు చెక్కిన కుండ

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకందరికీ నా వందనాలు. ఈ సాక్ష్యం మన పత్రికకు రాయమని మా పాస్టరుగారు మూడుసార్లు అడిగితే మూడుసార్లూ కాదన్నాను, ఎందుకంటే సాక్ష్యం అనగానే రోగం పోయింది, తాగుడు మానేశాను, కోర్టు కేసు గెలిచాను అనే మాట కోసం అందరూ ఎదురుచూస్తారు, నా దగ్గర అలాంటిదేమీ లేదు. మా అన్నయ్య ప్రకాశం కిడ్నీలు బాగుపడలేదు. వారానికి మూడుసార్లు ఇప్పటికీ పలాస వెళ్ళి డయాలసిస్ మిషను పక్కన పడుకుంటాడు. బాగుపడ్డాడని అబద్ధం చెప్పి మీచేత హల్లెలూయ అనిపించుకోవడం నాకు చేతకాదు. అయినా దేవుడు నన్ను ఒక గోతిలోంచి పైకి లాగాడు, ఆ గొయ్యి నా చేతులతో నేను తవ్వుకున్నదే, అదెలాగో చెబుతాను, కోపంగానే చెబుతాను, కాస్త ఓర్చుకుని చదవండి.

మాది కవిటి దగ్గర కొబ్బరితోటల్లో ఒక ఊరు, కుండలు చేసుకునే ఇల్లు. మా ఇళ్ళల్లో ఆడపిల్ల మట్టి మొయ్యవచ్చు, తొక్కవచ్చు, కుండలు ఎండబెట్టవచ్చు, ఆవంలో పేర్చి కాల్చవచ్చు, కానీ తిరుగుతున్న సారె మీద మాత్రం చెయ్యి పెట్టకూడదు. ఎందుకని అడిగితే జవాబు లేదు, కూడదంటే కూడదంతే. నాన్న సోంపేట సంతకు వెళ్ళిన రోజుల్లో, నాకంటే ఆరేళ్ళు పెద్దవాడైన అన్నయ్య తన కాళ్ళతో మట్టి తొక్కి, నన్ను సారె ముందు కూర్చోబెట్టి, తను కర్రతో తిప్పుతూ, ఎవరైనా వస్తున్నారేమోనని వీధి వైపు ఒక కన్ను వేసి ఉంచేవాడు. ఒకరోజు నాన్న మధ్యాహ్నమే తిరిగొచ్చాడు, దెబ్బలన్నీ అన్నయ్యే తిన్నాడు. తరవాత నేను విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదవడానికైనా, సిరామిక్ కళాకారిణి అని నలుగురూ అనడానికైనా, నా బొమ్మలూ నా పాత్రలూ గాజు అద్దాల వెనక నిలబడడానికైనా ఆ మధ్యాహ్నాలే కారణం, ఇది మీరు మనసులో పెట్టుకోండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మామూలు కుండ కొనేవాళ్ళు వేలిముడుకుతో తట్టి చూస్తారు, ఖంగుమని పలికితే తీసుకుంటారు, పలక్కపోతే ఎక్కడో పగులుందని పక్కన పెడతారు. ఊళ్ళో ఎవరైనా పోయినప్పుడు కాటికి పట్టుకెళ్ళే కుండ కోసం వచ్చినవాళ్ళు మాత్రం తట్టరు, బేరం ఆడరు, నాన్న చేతికిచ్చింది తీసుకుని మాట్లాడకుండా వెళ్ళిపోతారు. పగలగొట్టేదానికి పరీక్ష ఎందుకు? అమ్మ ప్రభువును నమ్ముకుని మా ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నాక, మన విశ్వాసుల్ని సమాధి చేస్తాం, మనకా కుండతో పనిలేదు, ఇంక అవి చెయ్యడం మానెయ్యమని సంఘంలో ఒక పెద్దాయన చెప్పాడు. ఏడుస్తూ వచ్చిన మనిషికి లేదని చెప్పలేనని నాన్న ఆయన మొహం మీదే అన్నాడు, చనిపోయేదాకా ఇస్తూనే ఉన్నాడు.

ఆ కుండలు మా ఉద్దానంలో ఎన్ని వెళ్ళాయో మీకు తెలుసు, నేను లెక్క చెప్పక్కర్లేదు. తోటల్లో రోజంతా ఒళ్ళు వంచి పనిచేసిన మగాళ్ళు, నలభై నిండని వాళ్ళు, కాళ్ళు వాచి, తిన్నది ఇమడక, మొహాలు పాలిపోయి వెళ్ళిపోయారు. పరిశోధనంటూ వచ్చినవాళ్ళు వచ్చారు, రక్తం తీసుకున్నారు, మా బావుల నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు, మాతో ఫొటోలు దిగారు, వెళ్ళారు, మళ్ళీ ఇంకొకరు వచ్చి మొదటినుంచీ అవే ప్రశ్నలు అడిగారు. మా సీసాలేమయ్యాయని అడిగితే చెప్పే దిక్కు లేదు! ఆఖరికి అన్నయ్య కాళ్ళు కూడా వాచాయి, నా కోసం మట్టి తొక్కిన ఆ కాళ్ళే వాచాయి. పలాస ఆసుపత్రి వరండాలో అన్నయ్య రక్తపరీక్ష కాగితం చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు నాలో ఏదో మండడం మొదలైంది, నాలుగేళ్ళు ఆరలేదు.

ఆ ఆదివారమే మా మందిరానికి బయటినుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. దేవుడు కుమ్మరి, మనం మన్ను, ఆయన ఎలా చేస్తే అలా ఉండాలి, ఎదురు అడగకూడదని గంటసేపు చెప్పాడు, ఇస్త్రీ చొక్కా చేతులు కూడా మడవకుండా. జన్మలో పిడికెడు మట్టి పిసికిన మనిషి కాదు! కుమ్మరి ఇంట్లో పుట్టిన నాకు కుమ్మరి సంగతి ఆయన చెబుతాడా? పచ్చి కుండకు పక్కన చిన్న బీట కనిపిస్తే మా నాన్న రాత్రి అన్నం మానేసి దాన్ని సరిచేసేవాడు, మరి ఈ కుమ్మరి మా వీధి వైపు ఎందుకు చూడడు? లేచి బయటికి వచ్చేశాను. ఆ తరవాత నాలుగేళ్ళు మందిరం గడప తొక్కలేదు.

అదిగో అక్కడ మొదలైంది, సహోదరులారా, నా అసలు రోగం. కొందరు సారాకు అలవాటుపడతారు, నేను కోపానికి అలవాటుపడ్డాను. పలాస నుంచి జీడిపిక్కల తొక్కలు బస్తాల్లో తెప్పించి, వాటి పొగ పట్టించి పాత్రలన్నీ నల్లగా కాల్చేదాన్ని, కాన్వాసు మీద కొబ్బరిచెట్లు కూడా నల్లగానే వేసేదాన్ని. హైదరాబాదులో గ్యాలరీ నడిపే ఒకాయన వాటిని చూసి పరుగెత్తుకొచ్చాడు. ఈ కోపాన్ని తగ్గనివ్వకండి మేడమ్, ఇదే మీ సంతకం అన్నాడు. నేను తగ్గనివ్వలేదు. మా ఊరి దుఃఖం గురించి మైకుల్లో మాట్లాడాను, శాలువాలు కప్పించుకున్నాను, ఆ నాలుగేళ్ళలో అన్నయ్యతో పాటు ఆసుపత్రికి ఎన్నిసార్లు వెళ్ళానో వేళ్ళ మీద చెప్పవచ్చు. వదిన ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని చెప్పేదాన్ని, పనేమిటంటే మా వాళ్ళ బాధ!

తరవాత నాకొక ఆలోచన వచ్చింది, గొప్ప ఆలోచన అని అప్పుడు అనుకున్నాను. ఊరికి వెళ్ళి, నాన్న పాత ఆవంలో కొబ్బరిమట్టలు వేసి, రంగూ పొగా ఏమీ లేకుండా, ఆయన చేసినట్టే ఎర్రటి కుండలు కాల్చాను, కాటికి వెళ్ళే కుండలు. ఒక్కోదాని మీద మా ఊళ్ళో కిడ్నీ జబ్బుతో పోయిన ఒక్కో మనిషి పేరు పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో చెక్కాను. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఎవరినీ అడగలేదు. వరసలు సరిపోవడానికి గ్యాలరీ ఆయన ఇంకొక్క కుండ కావాలన్నాడు, గుమ్మానికి ఎదురుగా చివర్లో పెడదామన్నాడు. ఆ వారమే అన్నయ్యను చూశాను, మొహం ఉబ్బి, అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఇంకెంతో కాలం ఉండడని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. అదే సాయంత్రం, అరుగు మీద అతనుండగానే, పెరట్లో కూర్చుని ఆ చివరి కుండ మీద ప్రకాశం అని చెక్కాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి నామీదే కోప్పడుతోంది.

ప్రదర్శన విశాఖలో. సముద్రం వైపు పెద్ద హాలు, చల్లటి గాలి, మెత్తగా మాట్లాడుకునే జనం. అన్నయ్య వస్తాడని కల్లో కూడా అనుకోలేదు, ఎందుకంటే అది అతని డయాలసిస్ రోజు. చెల్లెలి ఫంక్షనని ఆసుపత్రిలో బతిమాలి ముందురోజుకు మార్పించుకుని, వదినను తోడు తీసుకుని, పలాసలో పొద్దున్నే రైలెక్కి వచ్చేశాడట. ఉతికిన తెల్ల చొక్కా, వాచిన కాళ్ళకు రబ్బరు చెప్పులు. మొదటి వరస దగ్గర నిలబడి పేర్లు చదవడం మొదలుపెట్టాడు, ఒక్కో పేరు దగ్గరా ఆగి వదినకు చెబుతున్నాడు, ఈయన నాకు ఈత నేర్పాడు, ఈయన పెళ్ళిలో మనం రెండు రోజులు వండాం, ఈ మావ ఎంత తిట్టినా నవ్వేవాడు అని. చుట్టూ ఉన్నవాళ్ళు కుండల్ని వదిలి అతని వెనక నడిచారు. నేను వరసలు పేర్చాను, మా అన్నయ్య ఆ మనుషుల్ని లేపి నిలబెట్టాడు. చివర్లో ఏ పేరుందో తెలిసీ నేను ముందుకు వెళ్ళి ఆపలేదు.

చివరి కుండ దగ్గరికి వచ్చాడు. చదివాడు. వదిన చీర కొంగు నోట్లో కుక్కుకుంది. గ్యాలరీ ఆయన ఫోటోగ్రాఫరుకు సైగ చేశాడు, అది కూడా నేను చూశాను, మర్చిపోను. అన్నయ్య వంగి, ఆ కుండను చంకకు ఎత్తుకుని, వేలిముడుకుతో తట్టాడు. ఖంగుమంది. మళ్ళీ తట్టాడు. అప్పుడు నావైపు తిరిగాడు.

"పలుకుతంది గదే సెల్లీ," అన్నాడు. "కాటికెల్లే కుండని ఎవులూ తట్టరు. నాను తట్టీసినాను. ఇదింక దానికి పనికిరాదు, నీల్లకి ఇంటికి పట్టుకెల్దాం."

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. నలుగురిలో చెంప మీద కొట్టినా సరే అనుకునేదాన్ని. అలా అనేసరికి నాకు పిచ్చికోపం వచ్చింది, అతని మీద కూడా వచ్చింది, ఎందుకిలా క్షమిస్తాడు, ఎవరడిగారు అని. హాలు వెనక చేతులు కడుక్కునే గదిలోకి పోయి తలుపు వేసుకుని, నాలుగేళ్ళ తరవాత మొదటిసారి మోకాళ్ళ మీద పడ్డాను. విశాఖలో నేర్చుకున్న భాష ఒక్కటీ రాలేదు, ఇంటి మాటే వచ్చింది. "దేవా, నీ మీద కోపంతో మా అన్నియ్యని నానే ముందు సంపీసినాను. నువ్వింకా పిలవని మనిసికి నాను కుండ సేసీసినాను. నాకేటీ సెప్పడం రాదు, నన్ను సూడు తండ్రీ."

అంతే ప్రార్థన. మెరుపులేమీ రాలేదు, గొంతేమీ వినపడలేదు. కానీ ఆ గచ్చు మీద ఏడుస్తుంటే ఒక్కటి మాత్రం స్పష్టంగా అర్థమైంది. మా వీధి వైపు దేవుడు చూడడం లేదని నాలుగేళ్ళుగా నేను అరుస్తున్నాను, ఆ నాలుగేళ్ళూ ఆ వీధిని చూడనిది నేను. ఆయన చూస్తూనే ఉన్నాడు, ఇప్పుడు రబ్బరు చెప్పులు వేసుకుని రైలెక్కి నా దాకా వచ్చాడు. దేవునికే మహిమ!

బయటికి వచ్చి ప్రదర్శన మూసెయ్యమన్నాను. గ్యాలరీ ఆయన అన్న మాటలు మందిరం పత్రికలో రాయదగ్గవి కావు. కుండలన్నీ గడ్డిలో పెట్టి వ్యానులో ఊరికి తెచ్చి, ఇంటింటికీ వెళ్ళి క్షమించమని అడిగాను. కొందరు ఏడ్చారు, కొందరు దగ్గరికి తీసుకున్నారు. మా వెనక వీధిలో ఒకామె మాత్రం కుండను గడప దాటనివ్వలేదు. "మా ఆయన పేరు రాసుకోడానికి నన్నొక మాటడిగినావేటే?" అంది. అడగలేదమ్మా అన్నాను. ఆమె ఇంకా నాతో మాట్లాడదు, ఆమెకు ఆ హక్కుంది.

నా కోపం పోయిందా అని అడిగేవాళ్ళు ఉన్నారు. పోలేదు! ఎందుకు పోవాలి? మా నీళ్ళ సంగతి తేల్చని వాళ్ళ మీద ఉంది, మా రోగాన్ని ఫొటోలు తీసుకునేవాళ్ళ మీద ఉంది, సమాధి పక్కన నిలబడి ఎదురు అడగకూడదని చెప్పేవాళ్ళ మీద ఉంది. ఇప్పుడు ఆ కోపంతో వారానికి ఒకరోజు అన్నయ్య మంచం పక్కన కూర్చుంటాను, అక్కడున్నవాళ్ళ తరఫున అర్జీలు రాస్తాను, ఎవరూ పట్టించుకోకపోతే మళ్ళీ రాస్తాను. మిగిలిన రోజుల్లో సారె తిప్పుతాను, మా వీధి ఆడపిల్లల్ని పట్టపగలు అందరూ చూస్తుండగా దాని ముందు కూర్చోబెడుతున్నాను. ప్రభువు నాలోంచి తీసేసింది కోపాన్ని కాదు, మనుషుల్ని చావకముందే చంపేసే నిరాశను. నన్ను నమిలేస్తూ వచ్చింది అదే.

ఇంటికని తెచ్చిన అన్నయ్య పేరున్న ఆ కుండ ఇప్పుడు మా మందిరం గుమ్మం పక్కన ఇసుక మీద ఉంది, తాగే నీళ్ళ కుండ అయింది. మొదట్లో కొందరు తాగడానికి జంకారు, కాటి కుండ అని, బతికున్నవాడి పేరని. ప్రతి ఆదివారం దాన్ని కడిగి నింపేది మా అన్నయ్యే, డయాలసిస్ వల్ల రోజుకు చిన్న గ్లాసుడు నీళ్ళతో నాలుక తడుపుకుని సరిపెట్టుకోవాల్సిన మనిషి, తన పేరున్న కుండ నిండా నీళ్ళు పోసి, అందరూ కడుపారా తాగుతుంటే పక్కన నిలబడి చూస్తాడు. రేపటి సంగతి నాకు తెలియదు, అతనికీ తెలియదు, ఈ ఆదివారం మాత్రం నింపాడు. సహోదరులారా, మీ ఇంట్లో కూడా మీరు ఆశ వదిలేసుకున్న మనిషి ఒకరుంటారు, వాళ్ళని అప్పుడే లెక్కలోంచి తీసెయ్యకండి, కోపం ఉంటే దేవుడి మీదే కేకలు వెయ్యండి, ఆయన వింటాడు, వచ్చి మీ పక్కన కూర్చుంటాడు, ఆయన్ని నమ్మండి. మా ఊరి వైపు వస్తే మందిరానికి రండి, దాహం తీర్చుకోండి. నీళ్ళు ముంచుకునే ముందు ఒక్కసారి ఆ కుండను తట్టండి.