ఆయన మాట పూర్తయ్యేదాకా

మా పక్కింటి అంకుల్ పోయారు. పొద్దున్నే వాళ్లబ్బాయి వచ్చి మా తలుపు కొట్టి, "నాన్న వెళ్లిపోయారు, ఆంటీ" అని ఒక్క ముక్క చెప్పి వెనక్కి నడిచాడు. సాయంత్రానికి ఖననం కూడా అయిపోయింది. వాళ్లు ముస్లింలు, వాళ్లలో ఆలస్యం చేయరు. మనమేమో ఎవరి ఫ్లైట్ కోసమో రోజుల తరబడి ఆగే మనుషులం. ఆ తొందరలో నాకు ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. అందుకే ఇప్పుడిలా రాస్తున్నాను.

మీరెవరూ ఆయన్ని ఎరగరు. కుర్రతనంలో లెబనాన్ నుంచి మిషిగన్ వచ్చి, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేం ఇల్లు కొన్నప్పుడు స్వాగతం చెప్పింది ఆయన నోరే. అంత వాగుడు మనిషిని నేను అంతకుముందు చూడలేదు, అద్దంలో తప్ప. మా ఆయన ఆఫీస్‌కి టైమైపోతోందని మంచు తోయడానికి పార పట్టుకుని డ్రైవ్‌వే మీదికి వెళ్తే, అంకుల్ వరండాలోంచి కాఫీ కప్పు చూపించి, "కూర్చో, మంచు ఎక్కడికీ పోదు" అనేవారు. వేసవిలో ఆయన పెంచిన పుదీనా కట్టలు కట్టలుగా మా గుమ్మంలో ఉండేది. నేను పచ్చడి చేసి పంపితే, కారానికి కళ్లు తుడుచుకుంటూనే, "ఇది పుదీనాకి జరిగిన అన్యాయం" అని గిన్నె ఖాళీ చేసేవారు.

ఆ మనిషికి స్ట్రోక్ వచ్చింది. కుడిచెయ్యి కాస్త పట్టు తప్పింది. అది పెద్ద బాధ కాదు. మాట చెడింది. డాక్టర్లు దాన్ని అఫేసియా అన్నారు. చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, అది మాటగా బయటికొచ్చే దారి పాడవుతుంది. ఇంగ్లీషూ దెబ్బతింది గానీ, ఆయన్ని కుంగదీసింది అరబిక్ పోవడమే.

నాకు వివరంగా చెప్పింది వాళ్లమ్మాయి. అరబిక్‌లో 'స' రెండు రకాలట, 'త' రెండు రకాలట. ఒకటి మనం పలికేలాంటిదే. రెండోది నాలుక మొదలు వెనక్కి లాగి, నోరు నిండేలా బరువుగా పలకాలి. ఇవి కాక గొంతు అడుగునుంచి వచ్చేవి కొన్ని. అంకుల్ నోట్లో బరువైనవి తేలికైపోయాయి, గొంతులోవి జారిపోయాయి. పోనీ పూర్తిగా పోయాయా అంటే అదీ లేదు. పొద్దున బాగానే వచ్చిన మాట మధ్యాహ్నానికి మొరాయించేది. తప్పు పలికిన సంగతి ఆయన చెవికి తెలిసిపోయేది, నాలుక మాత్రం మాట వినేది కాదు. తల అడ్డంగా ఊపి, ఎడమచేత్తో మోకాలు చరుచుకుని, అదే మాట మళ్లీ మళ్లీ ఎత్తుకునేవారు. చిన్నప్పటి నుంచి చదివిన ప్రార్థన మాత్రం చాలావరకు గడగడా వచ్చేసేది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు అది విని బాగానే ఉన్నాడనుకుని వెళ్లేవారు. వాళ్ల కార్లు వీధి మలుపు తిరగకముందే ఈయన మంచినీళ్లు అడగలేక తంటాలు పడేవారు.

ఆయన నోరు తెరవగానే ఇంటిల్లిపాదీ మాట అందించేవాళ్లు. నీళ్లా? దుప్పటా? టీవీ పెట్టాలా? ప్రేమకొద్దీనే, కాదనను. కానీ ఆయన వెతుక్కుంటున్న మాట చేతికి అందేలోపు ఇంకెవరో దాన్ని లాగేసుకున్నట్టుండేది. చివరికి కళ్లు మూసుకుని ఊరుకునేవారు.

అంకుల్ భార్య, మా ఆంటీ, బజారుకి వెళ్లే మధ్యాహ్నాలు నన్ను ఆయన దగ్గర కూర్చోమనేవారు. నాకు అరబిక్ ఒక్క ముక్క రాదు. ఆయన ఏదో మొదలుపెట్టేవారు, ఆగేవారు, నేను చూస్తూ కూర్చునేదాన్ని. ఏ మాట రాబోతోందో తెలిస్తే కదా అందించడానికి! మా ఆయన వేళాకోళం చేసేవాడు. "నా మాట సగంలో ఉండగానే నువ్వు పూర్తి చేసేస్తావ్. అక్కడ మాత్రం అంతసేపు ఎలా ఓపిక పడుతున్నావ్?"

ఓపిక కాదు, గతిలేక. కానీ కొన్నాళ్లకి వాళ్లమ్మాయి వచ్చి అడిగింది: "ఆంటీ, మీ దగ్గర నాన్న ఎక్కువ మాట్లాడుతున్నారు. ఏం చేస్తున్నారు మీరు?"

"ఏమీ చేయట్లేదమ్మా. నాకు రాదుగా."

ఆ పిల్ల ఈ సంగతి స్పీచ్ థెరపిస్ట్‌తో చెబితే, ఆవిడ ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, నేను తెలియక చేస్తున్నదే వాళ్లని తెలిసి చేయమందట. తెలిసి చేయడం చాలా కష్టం. వాళ్లవల్ల కాలేదు.

ఇంతలో ఆ అమ్మాయి పెళ్లి కుదిరింది. వాళ్ల పెళ్లిలో తండ్రే అల్లుడి చెయ్యి పట్టుకుని, నా కూతుర్ని నీకిస్తున్నానని అరబిక్‌లో చెప్పాలి. తండ్రి తరఫున ఇంకొకరు చెప్పినా చెల్లుతుంది. "బాబాయి చెప్తారు నాన్నా, మీరు స్ట్రెయిన్ అవ్వకండి" అన్నాడు కొడుకు. అంకుల్ తల అడ్డంగా ఊపిన ఊపుకి నాకు భయమేసింది. ఆ వాక్యం ఆయనే చెప్పాలి. ఆ తర్వాత ఇంకో మాట రాకపోయినా ఫర్వాలేదన్నట్టుంది ఆ మొహం.

నేను నాకు తెలిసిన ఉపాయం చెప్పాను. "మా పెళ్లిళ్లలో పంతులుగారు మంత్రం ముక్కలు ముక్కలుగా అందిస్తారు. మా నాన్న సగం మింగేశారు, అయినా నా పెళ్లి అయిపోయింది."

అమ్మాయి నవ్వింది. "మాకూ అందిస్తారు ఆంటీ. కానీ నాన్నకి విని తిరిగి చెప్పడమే అన్నిటికన్నా కష్టం. తనంతట తనకి రావాలి."

అలా ఆ చలికాలం, ఆ వసంతం, ఆ ఒక్క వాక్యమే మా పని. ఆయన పలికేవారు, నేను వినేదాన్ని. తప్పో ఒప్పో నాకెలాగూ తెలియదు, ఆయన మొహం చూసి తెలుసుకునేదాన్ని. కోపమొచ్చి కప్పు విసిరిన రోజూ ఉంది. పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చిన రోజూ ఉంది. ఆ రోజు నేనూ ఏడ్చాను, ఏ మాట కోసమో తెలియకుండానే.

పెళ్లినాడు హాల్లో అల్లుడు ఆయన కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అంకుల్ మొదలుపెట్టారు. సగం దాకా వచ్చి ఆగిపోయారు. ఆ తర్వాతి మాట అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆంటీ పెదవులు కదిలాయి. కొడుకు ముందుకు వంగాడు. పెళ్లికూతురు ఆ తమ్ముడి మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపింది. అప్పుడు ఆ మాట వచ్చింది, దాని వెనక మిగిలినవీ వచ్చాయి. బరువుగా పలకాల్సిన 'స' తేలిగ్గానే వచ్చిందని అమ్మాయి తర్వాత చెప్పింది. ఇమామ్‌గారు సరేనన్నట్టు తలూపారు. అంకుల్ నన్ను వెతికి, జనం మధ్యలోంచి చూసి, కనుబొమలు ఎగరేశారు. ఎలా ఉంది అన్నట్టు! ఆ గర్వం చూసి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

రెండో స్ట్రోక్ ఈ చలికాలం వచ్చింది. ఈసారి ప్రార్థన కూడా మిగల్లేదు.

ఆయన పోయే ముందురోజు మధ్యాహ్నం ఆస్పత్రి గదిలో అందరం ఉన్నాం. ఆయన కళ్లు తెరిచి ఆంటీని చూశారు. పెదవులు కదిలాయి. నీళ్లా అని ఎవరూ అడగలేదు, దుప్పటా అని ఎవరూ అడగలేదు. కొడుకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇన్నాళ్లకి వాళ్లందరికీ ఆగడం వచ్చింది. నాకు మాత్రం ఆ ఒక్కసారి ఏదో ఒక మాట అందించి ఆయన్ని గట్టెక్కించాలనిపించింది. నాకు ఒక్కటీ రాదు.

ఆంటీ వంగి, ఆయన నోటి దగ్గర చెవి పెట్టారు. పెదవుల కదలిక ఆగింది. అయినా ఆవిడ లేవలేదు, మేమెవరం కదల్లేదు. నర్సు వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసేదాకా అలాగే వింటూ ఉన్నారు.