మాస్టారి చోట్లో మా ఆడపడుచు

మా ఆడపడుచు దర్జీ. నోట్లో నాలుక లేని మనిషి. కొలతలో అంగుళం తేడా వస్తే ఆ రోజుకి అన్నం సయించదు. చర్చిలో ఉన్నది కాళ్ళతో తొక్కి గాలి నింపితేనే పలికే పాత ఆర్గన్. దాన్ని వాయించే మాస్టారు ఒకరోజు ఈవిడ కుట్టుమిషను తొక్కడం చూశారు. "నీ కాళ్ళకు పని వచ్చమ్మా, చేతులకు నేను నేర్పుతా" అని శిష్యురాలిగా చేర్చుకున్నారు.

పట్టుమని రెండు పాటలైనా రాకముందే మాస్టారి భార్య గుండెపోటుతో పోయింది. భార్య అంత్యక్రియలకు భర్తే కూర్చుని వాయించలేడు కదా! ఫాదర్ గారు మా ఆడపడుచుకు కబురు పెట్టారు.

"నావల్ల కాదు వదినా. నేను పాడుచేస్తే ఆయన తట్టుకోలేరు" అని నా చెయ్యి పట్టుకుంది.

"ఏడ్చినట్టుంది. పద, పేజీలు నేను తిప్పుతా" అన్నాను. పైకి కసిరానే గానీ నాకూ భయంగానే ఉంది. ఒక్క స్వరం పక్కకుపోతే వీధిలోంచే కేకేసే మనిషి మాస్టారు. మేం చర్చికి వెళ్ళేసరికి శవపేటిక పక్కనే, మొదటి వరసలో, కూతురి భుజానికి ఆనుకుని కూర్చున్నారు.

మొదటి పాటకే మా ఆడపడుచు భయంతో మిషను తొక్కినట్టు తొక్కేసింది. ఆర్గన్ కీచుమంది. చర్చంతా మావైపు తిరిగింది. చచ్చాంరా దేవుడా అనుకున్నాను. మాస్టారు మాత్రం తిరగలేదు. రెండో పాటలో ఒక చరణమే ఎగిరిపోయింది, పాడేవాళ్ళదొక దారి, ఆర్గన్‌దొక దారి అయింది. అప్పుడూ ఆయన కదల్లేదు.

"తిట్టడం లేదేంటి వదినా?" అని గొణిగింది మా ఆడపడుచు. "తిడితే బావుండు. నాకు భయమేస్తోంది."

నాకూ వేసింది, అబద్ధమెందుకు? అంతవరకూ పరువు పోతుందని భయపడ్డాం. ఇది ఆ భయం కాదు.

చివరి పాట మొదలైంది. పేటిక ఎత్తారు. అందరూ గుమ్మం వైపు నడుస్తుంటే మాస్టారు లేచి మావైపు రాసాగారు.

"నాన్నా, అటు కాదు నాన్నా!" అంటూ కూతురు వెనకే పరుగెత్తుకొచ్చింది. ఆయన వినిపించుకోలేదు. నేరుగా వచ్చి మా ఆడపడుచు భుజం తట్టారు.

"జరగమ్మా, నేను వాయిస్తా" అన్నారు, రోజూ అన్నట్టే. "ఎవరో పోయారట కదా, పాపం. నాకొక మాటైనా చెప్పలేదేంటి?"

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఆడపడుచు నా ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా పక్కకు జరిగి, ఆయనకు చోటిచ్చింది.