ఖాదర్ గారి సంతకం

ఈ ఉదయం మా ల్యాబులో కొత్త మైనపు పెన్సిళ్ల పెట్టె విప్పగానే గుప్పుమని వాసన వచ్చింది. గాజు ట్యూబుల మీద పేర్లు రాసే ఎర్ర పెన్సిళ్లవి. ఆ వాసన తగిలితే నాకు ఖాదర్ గారు గుర్తొస్తారు.

బాపట్లలో మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిగ్రీ చదివేటప్పుడు చివరి ఏడాది ఆసుపత్రిలో శిక్షణ ఉండేది. నాకు తెనాలి పడింది. మా ఊరు రేపల్లెలో పొద్దున్నే పాసింజరు ఎక్కి వచ్చేవాణ్ణి. అక్కడి ల్యాబులో పెద్ద టెక్నీషియన్ ఖాదర్ గారు. యాభై దాటిన మనిషి. జేబులో రెండు కళ్లజోళ్లుండేవి, ఒకటి మైక్రోస్కోపుకి, ఒకటి మనుషులకి అనేవారు. మొదటి రోజే మాకు చెప్పారు: "ఖాళీ ట్యూబు మీద పేరు రాయొద్దు. రక్తం తీశాక, మనిషి ఎదురుగా ఉండగా రాయండి. పేరు మీరు చెప్పొద్దు, వాళ్ల చేత చెప్పించండి. తెల్లకోటు వేసుకుని ఏం అడిగినా మనోళ్లు అవునండి అనే అంటారు."

ఆయనకు ఇంకో అలవాటుంది. ఏ రిపోర్టు మీదైనా సంతకం పెట్టేముందు, రక్తం తీసినవాణ్ణి ఆ రోగి గురించి "చెయ్యి ఎలా ఉంది?" అని అడిగేవారు. "ఏంటి సార్, జాతకం చెప్తారా?" అని నా స్నేహితుడొకడు నవ్వాడు. "చెయ్యి గుర్తులేదంటే నువ్వు సూదినే చూశావయ్యా, మనిషిని చూళ్లేదు" అన్నారాయన.

నాకు చిన్నప్పటి నుంచీ జాబితాలంటే ఇష్టం. ఒక్కొక్కరి దగ్గరా ఆగి పేరు రాయడం వృథా పని అనిపించింది. మూడో వారం నుంచి ట్యూబులన్నిటి మీదా ముందే పేర్లు రాసి, జాబితా వరసలోనే స్టాండులో పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఖాదర్ గారికి చెప్పలేదు. రెండు వారాలు ఒక్క తప్పూ జరగలేదు.

ఆ రోజు ఆడవాళ్ల వార్డు బయట బల్ల మీద ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లు జాబితా వరసలోనే కూర్చున్నారు. జాబితాలో మూడో పేరు నాంచారమ్మ, ఊరు అడవులదీవి. గర్భసంచి ఆపరేషన్, రక్తం ఎక్కించాలి. నాలుగో పేరు శివపార్వతి, ఊరు సంగం జాగర్లమూడి. ఫ్యాను కిందికి నువ్వు జరుగంటే నువ్వు జరుగని మర్యాదలు చేసుకుని ఇద్దరూ చోట్లు మారారని నాకు తెలియదు. ట్యూబు వైపు చూస్తూనే "నాంచారమ్మ గారేనా?" అన్నాను. "అవునండి" అని వినిపించింది.

పరీక్షలు చేశాను. బి గ్రూపు వచ్చింది. సరిపడే రక్తం వెతికి ఫ్రిజ్‌లోంచి తీసి, రిపోర్టు ఖాదర్ గారి ముందు పెట్టాను. ఆయన కలం మూత తీశారు.

"నాంచారమ్మ గారి చెయ్యి ఎలా ఉంది?"

"బాగానే ఉందండి. నరం వెంటనే దొరికింది. పచ్చబొట్టు పక్కనే..."

అక్కడ ఆగిపోయాను. ఆ పచ్చబొట్టు 'పార్వతి' అనే అక్షరాలు. నరం కోసం వేలితో నొక్కినప్పుడు వాటిని చదివాను కూడా, పట్టించుకోలేదు.

నా బుర్రలో అప్పుడూ జాబితానే తయారైంది. చెబితే శిక్షణ ఆపేస్తారు. ఆపేస్తే ఏడాది పోతుంది. పచ్చబొట్టు కూతురి పేరో, దేవత పేరో అయ్యుండొచ్చు. ఈ మూడోది నాకు ఎంతో నచ్చింది.

"పక్కనే ఏంటయ్యా?"

"పార్వతి అని రాసి ఉందండి. నేను ట్యూబుల మీద పేర్లు ముందే రాసేశానండి."

ఆయన తిట్టలేదు. రిపోర్టును రెండుగా చింపి, "పద. వాళ్లకి నువ్వే చెప్పాలి" అన్నారు.

వార్డులో చెప్పాను. "మరి ఇందాక అవునన్నారు కదండీ" అని శివపార్వతి గారిని అడిగితే, "డాక్టరుబాబువి, నీకే తెలుసులే అనుకున్నా నాయనా" అంది. నాంచారమ్మ గారు పడీపడీ నవ్వింది. "ఉన్న కాస్త నెత్తురూ నువ్వే పట్టుకుపోతే ఇంక వాళ్లు కొయ్యడానికేం మిగుల్తుందయ్యా? కానీ, ఈసారి నా చెయ్యేనని చూసుకుని గుచ్చు" అని చెయ్యి చాపింది. వలతాళ్లు కోసిన గీతలున్న చెయ్యి. ఆమెది ఓ గ్రూపు. నేను తీసిపెట్టిన రక్తం ఎక్కించి ఉంటే ప్రాణం మీదికి వచ్చేది.

ఆలస్యమైందని డాక్టరు గారు కేకలేశారు. "తప్పు మా ల్యాబుదేనండి" అన్నారు ఖాదర్ గారు. నా పేరెత్తలేదు. ఆపరేషన్ మధ్యాహ్నం జరిగింది. నాంచారమ్మ గారు కుట్లు విప్పించుకుని ఇంటికెళ్లింది. నా శిక్షణ కూడా ఆగలేదు.

ఆయన రిటైరయ్యాక ఒకసారి ఇంటికి వెళ్లాను. చాలాకాలంగా అడగాలనుకున్నది అడిగాను. "ఆ రోజు మీకు అనుమానం వచ్చే అడిగారా సార్?"

"లేదే. రోజూ అడిగినట్టే అడిగా."

"నేను బాగానే ఉందండి అని ఊరుకునుంటే?"

ఆయన తడుముకోలేదు. "సంతకం పెట్టేసేవాణ్ణయ్యా" అన్నారు.

ఆ ప్రశ్నతో ఆయన మా తప్పులు పట్టుకుంటున్నారని అంతకాలం అనుకున్నాను. ఆయన చేసింది మాకు చెప్పే అవకాశం ఇవ్వడం ఒక్కటే. మిగతాది మా మీదే వదిలేశారు. ఇప్పుడు మా ల్యాబులో నేనూ అదే ప్రశ్న అడిగి సంతకాలు పెడుతున్నాను. ఎదురుగా నిలబడ్డవాళ్లు "బాగానే ఉందండి" అన్నాక కూడా వెంటనే పెట్టను. ఆ రోజు నాకు నోరు విప్పడానికి ఎంతసేపు పట్టిందో అంతసేపూ ఆగుతాను.