నెవ్ ఎత్తుకెళ్లిన మూతలు

ఇరవై ఆరేళ్లు తెల్లవారుజామున ఐదింటికి నా మొదటి పని మా ఆయన నెవ్ కళ్లజోడు వెతకడం. ఫ్రిజ్ మీద, స్నానాలగదిలో, ఒకసారైతే బ్రెడ్డు డబ్బాలో దొరికింది. ఇప్పుడది కిటికీ గట్టు మీదే ఉంటోంది. నేను ఏడింటికి లేస్తున్నాను.

నెవ్‌ది పెద్ద ఉద్యోగమేం కాదు. మా ఊరు గీలాంగ్‌లో కళ్ల మీద పరిశోధన చేసే చోట చేపల గది చూసుకునేవాడు. చిటికెనవేలంత కూడా ఉండని చారల చేపలు, వేలకొద్దీ. వాటి కంటి వెనక తెర దెబ్బతింటే నెల తిరిగేసరికి మళ్లీ పెరుగుతుందట. మనుషులకెందుకు పెరగదో తెలుసుకోవాలని అక్కడివాళ్ల తాపత్రయం.

"చేపలకి కళ్లొచ్చాయి, నీకు జోడు దొరకలేదు" అనేదాన్ని.

"నాకు నువ్వున్నావు కదే. వాటికెవరున్నారు?" అనేవాడు.

మా ఇద్దరికీ పోట్లాటంటూ ఉంటే అది మూతల దగ్గరే. ఏటా జనవరిలో ఆప్రికాట్ జామ్ చేస్తాను. సీసాలుండేవి, మూతలుండేవి కావు. అడిగితే గోడకేసి చూసేవాడు. గుడ్డ కప్పి రబ్బరు బ్యాండు వేసేదాన్ని. చర్చి నిధి కోసం పెట్టే అమ్మకంలో నా జామ్ ఒక్కటే తలకి గుడ్డ చుట్టుకుని, జలుబు చేసినదానిలా కూర్చునేది.

ఫిబ్రవరిలో గుండె ఆగి పోయాడు.

ఏప్రిల్‌లో కెర్రిన్ వచ్చింది. నెవ్ పనిచేసిన చోటి డాక్టరు, ముప్పై దాటని పిల్ల. టీ చల్లారిపోతున్నా తాగలేదు. కంటిపాప కింద చీలికతో, తాళం కన్నంలాంటి కళ్లతో కొందరు పిల్లలు పుడతారని చెప్పుకొచ్చింది. పదిహేడో వరుస తొట్లలోని చేపల వంశానికి కూడా ఆ చీలికే ఉంది. గుడ్డు గాజులా ఉంటుంది కాబట్టి, లోపల కన్ను ఎక్కడ మూసుకోకుండా ఆగిపోతోందో చూడొచ్చు. కానీ నెవ్ పోయాక ఆ వరుస గుడ్లు పెట్టడం మానేసింది. మిగతావి ఎలా ఉన్నా పెడతాయి, ఇవే మొండివి. పైగా ముసలివయ్యాయి. ఇంకో నెలలో పెట్టకపోతే ఆ వంశం అక్కడితో సరి, కెర్రిన్ ఆరేళ్ల పని కూడా.

"నీళ్లు, వెలుగు, మేత, అన్నీ ఆయన పుస్తకంలో రాసినట్టే చేస్తున్నాం. ఇంట్లో ఏమైనా చెప్పేవారా డోరీన్ గారూ?"

నెవ్ రాతను నమ్మారంటే నాకు నవ్వొచ్చింది. సరుకుల చీటీలో సరుకుల పేర్లే రాయడం మరిచిపోయే మనిషి.

"ఏం చెబుతాడు, నా మూతలు ఎత్తుకెళ్లడం తప్ప" అన్నాను.

ఆ పిల్ల కప్పు మీంచి చేయి తీసేసింది. గుడ్లు పెట్టించే తొట్ల బల్ల మీద తుప్పు మూతలు సంచెడు ఉండేవట. ఆయన పోయాక గది శుభ్రం చేయిస్తూ తనే పారేయించిందట.

నాకు బార్వాన్ ఏటి ఒడ్డున నెవ్ మాట గుర్తొచ్చింది. చేప గుడ్లు పెట్టేందుకు లోతుకి పోదు, గట్టు పక్కన పలచటి నీళ్లు చూసుకుంటుందనేవాడు. కేకు పళ్లెంలో నీళ్లు పోసి, వంటింట్లో మిగిలిన ఒకే ఒక్క విడి మూతని ఒక పక్క కింద దూర్చాను. నీళ్లు ఓ మూలకి జారాయి, ఇటుపక్క వేలి మందం లోతే మిగిలింది. కెర్రిన్ ఆ మూతని లాగి, మళ్లీ దూర్చింది. "తొట్ల కింద!" అంది. తర్వాత చల్లారిన టీ మొత్తం తాగేసింది.

ఊరగాయ సీసాలవీ, తేనె సీసాలవీ పీకి పదకొండు మూతలు ఇచ్చి పంపాను. ఐదో రోజు పొద్దున ఫోన్ చేసింది.

"పెట్టాయి డోరీన్ గారూ" అంది.

పోయిన వారం తొట్ల కిందికి ప్లాస్టిక్ చెక్కలు చేయించుకున్నారట. నా మూతలు కడిగి, ఆరబెట్టి, సంచిలో పెట్టి తిరిగి పంపింది. అలమరలో జామ్ సీసాలు ఇంకా తలకి గుడ్డలు చుట్టుకునే ఉన్నాయి. గుడ్డలు విప్పి మూతలు పెట్టాలి.

సంచి బల్ల మీదే ఉంది. ముడి విప్పలేదు.