మూడు పుస్తకాల్లో ఒక రౌతు

మొన్న ఆదివారం నరసరావుపేటలో పుస్తకాల కొట్టు ముందు ఒకే కథ ఉన్న మూడు పుస్తకాలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పడమటి దేశాల పాతకాలపు నైట్ల, అంటే గుర్రమెక్కి పోరాడే యోధుల కథలవి, పిల్లల కోసం తిరిగి రాసినవి. మనవరాలికి నాలుగో తరగతి సెలవులిచ్చారు. వాళ్ళ అమ్మమ్మ, అంటే మా ఆవిడ, పోయి ఏడాది కావస్తోంది, అప్పటినుంచి ఆ పిల్ల కథల పుస్తకం ముట్టలేదు. నేను బయల్దేరుతుంటే మా అమ్మాయి గేటు దాకా వచ్చి, "చచ్చిపోయే కథ మాత్రం తేవద్దు నాన్నా" అంది. కొట్టాయన నా చేతిలోవి చూసి, "ఏంది మాస్టారూ, రిటైరయినాక గుర్రం ఎక్కుతన్నారా?" అన్నాడు. మూడూ కట్టివ్వమన్నాను.

మా ఆవిడ నైట్ అనేది కాదు, రౌతు అనేది. గుర్రం మీద ఉన్నవాడికి మనకో మాట ఉండగా ఇంకోటెందుకని ఆమె వాదన. అమ్మాయి వాళ్ళు మా ఇంట్లోనే పైవాటాలో ఉంటారు కాబట్టి సాయంత్రమయ్యేసరికి పిల్ల కిందికి దిగి వచ్చేది. కరెంటు ఉంటే ఫ్యాను కింద, లేకపోతే విసనకర్ర పిల్ల చేతికే ఇచ్చి, ఈమె చదివేది. గొంతులు మార్చడం, యుద్ధం వచ్చినప్పుడు కేకలు వేయడం ఉండేవి కావు. కాస్త రక్తి కట్టించొచ్చు కదా అని నేనంటే, "ఏడవాల్సింది వినేవాళ్ళు. చదివే నేనే ఏడిస్తే వాళ్ళకేం మిగులుద్ది?" అనేది.

ఇంటికొచ్చి మూడూ చదివాను. కథ చిన్నదే. ఊరి జనం ఏరు దాటేదాకా ఒక ముసలి రౌతు వంతెన మీద ఒంటరిగా నిలబడి శత్రువులను ఆపుతాడు. మొదటి పుస్తకంలో అతను దెబ్బలు తిని పడిపోయి, మర్నాడు లేచి విందులో కూర్చుంటాడు. బొమ్మలు బాగున్నాయి, పళ్ళెంలో కోడి కూడా. రెండో దాంట్లో వాక్యానికి రెండు ఉపమానాలు. చనిపోయింది రౌతో, అస్తమించింది సూర్యుడో తేల్చుకోవడానికి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాల్సి వచ్చింది. మూడోది పలచటి పుస్తకం. తెల్లవారేసరికి అందరూ దాటారు, రౌతు చనిపోయాడు, ఊరివాళ్ళు తిరిగి వచ్చి అతన్ని మోసుకెళ్ళారు. అంతే ఉంది. పిల్లకు చదవడానికి అదే పక్కన పెట్టాను. అమ్మాయి చివరి పేజీ చూసి మొహం ముడుచుకుంది. "వద్దని చెప్పా గదా నాన్నా. అదసలే లోపల్లోపల కుమిలిపోతంది."

ఆమె భయం నాకు తెలియనిది కాదు. మా ఆవిడ పోయాక, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేలోపే పిల్లను ఈపూరులో వాళ్ళ నాయనమ్మ దగ్గరికి పంపించారు. పెద్దకర్మ అయ్యాక తీసుకొచ్చారు. మా వైపు అందరూ చేసే పనే, చావు పిల్లల కంట పడకూడదంటారు. అమ్మమ్మ దేవుడి దగ్గరికెళ్ళిందని చెబితే పిల్ల ఏమీ అడగలేదు. అడగనందుకు అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అలాంటివాళ్ళమే, కారంపూడిలో పల్నాటి వీరుల తిరునాళ్ళకు మాత్రం పాలు తాగే పిల్లలను కూడా ఎత్తుకుని వెళతాం. చివరి రోజు, వీరుల ఆయుధాలు పట్టినవాళ్ళు యుద్ధంలో చచ్చినట్టు నేలకొరుగుతుంటే, "కనపడతందా?" అని పిల్లలను ఇంకాస్త పైకెత్తుతాం. మా అమ్మాయి ఐదారేళ్ళప్పుడు నా భుజం మీది నుంచి అది చూసి భోరుమంది. "వాళ్ళు లేస్తారా అమ్మా?" అని ఒకటే ఏడుపు. లేస్తార్లే అని నేను అనబోతుంటే మా ఆవిడ అడ్డం వచ్చింది. "ఈ మనుషులు లేస్తారే. ఎవరి కోసం పడ్డారో ఆ వీరులు లేవరు. అందుకేగా ఏడాదికోసారి వచ్చి చూసిపోతన్నాం" అంది. అమ్మాయి కళ్ళు తుడుచుకుని, జీళ్ళు కొనిపెట్టమంది.

ఈ సంగతి ఇప్పుడు అమ్మాయికి గుర్తుచేశాను. "జీళ్ళు గుర్తున్నయ్" అంది. పుస్తకం మూసి, "అమ్మ అన్నదీ గుర్తుంది" అని దాన్ని నా చేతికిచ్చి వంటింట్లోకి పోయింది. గిన్నెల చప్పుడు మాత్రం వినపడలేదు.

సాయంత్రం పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివాను. గొంతు మార్చకుండా చదవడం ఎంత కష్టమో తెలిసింది. రౌతును మోసుకెళ్ళే వాక్యం దగ్గర పిల్ల పేజీ మీద చెయ్యి పెట్టింది.

"తాతయ్యా, అమ్మమ్మని ఎవరు మోశారు?"

"మీ నాన్న, పక్కింటి బాబాయి, ఇంకో ఇద్దరు."

"ఏ చీర కట్టారు?"

నాకు గుర్తులేదు. "ఆకుపచ్చది, సన్నంచుది" అని వంటింటి గుమ్మంలోంచి మా అమ్మాయి జవాబిచ్చింది.

"అదంటే అమ్మమ్మకి చానా ఇష్టం" అంది పిల్ల. తర్వాత వరసగా అడిగింది. ఎండగా ఉందా, ఎవరెవరొచ్చారు, నన్నడిగారా, నువ్వేడ్చావా. ఏడ్చానని చెప్పాను. మా అమ్మాయి వచ్చి పిల్ల పక్కన కింద కూర్చుంది. నేను మర్చిపోయినవి తను చెప్పింది. అప్పుడు పిల్ల తల్లి ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చింది, మేం ఎవరం ఊరుకోమనలేదు.

కాలమే అన్నీ మాన్పుతుందని అప్పట్లో పలకరించడానికి వచ్చినవాళ్ళంతా చెప్పి వెళ్ళారు. ఏడాది గడిచిందని మేమూ అనుకున్నాం. ఆ పిల్లకు మాత్రం ఆ ఏడాది ఆ సాయంత్రమే మొదలైంది.